ఖండనం రేపు

దిగంబర మునులు కూర్చోబోయే ముందు నేల ఊడ్చుకుంటారు. చీమో పురుగో కింద పడి నలిగిపోకుండా చేతిలోని కుంచెతో మెల్లగా పక్కకు జరిపి, అప్పుడు కూర్చుంటారు. ఆచార్య అరుణనందీ అంతే. కానీ శిష్యుడెవరైనా చిక్కు ప్రశ్న అడిగిన రోజున ఆయన మరీ నెమ్మదిగా ఊడ్చేవారు. ఎంతసేపు ఊడిస్తే అంత పెద్ద కథ వస్తుందని కొర్రలగుట్ట మీద అందరికీ తెలుసు.

పద్మసేనుడు ప్రశ్న అడిగిన సాయంత్రం ఆయన చాలాసేపు ఊడ్చారు.

పద్మసేనుడు దీక్ష పుచ్చుకుని అప్పటికి మూడేళ్ళు. తెలివైనవాడు, గొంతు మంచిది. తమ సంఘపు గురుపరంపర ముప్పై ఏడు పేర్లూ రోజూ పొద్దున్నే గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. చదివాక ఎవరైనా విన్నారా అని ఒకసారి చుట్టూ చూసేవాడు. ఆ రోజు ఊళ్ళోంచి వచ్చిన వార్త అతన్ని కలవరపెట్టింది. గుట్ట కింద ములుకూరులో ఉన్న బసదికి, అంటే జైన ఆలయానికి, మర్నాడు వేరే సంఘపు ముని ఒకరు వస్తున్నారు.

జైన మునుల్లో సంఘాలు, గణాలు, గచ్ఛాలు ఎన్నో. ఆ పేర్లన్నీ తడబడకుండా పలకాలంటే పండితులే కావాలి. ములుకూరు జనం అంత శ్రమపడక చేతిలోని కుంచెను బట్టి పిలిచేవారు. గుట్ట మీది గుహలో ఉండేవారు నెమలి కుంచెవారు. కింది బసదిలో దిగేవారు ఆవుతోక కుంచెవారు. వీళ్ళు రాలిన నెమలి ఈకలతో, వాళ్ళు ఆవుతోక వెంట్రుకలతో కుంచె కట్టుకుంటారు. పూర్వం ఈ రెండు సంఘాల మునులూ ఒకరికొకరు వందనమే చేసుకునేవారు కారు. తరువాత పెద్దలు కూర్చుని కొంత సడలించారు: తరువాత చీలిన కొమ్మ సంఘంవారు ముందు వంగితే, మొదటిదైన మాను సంఘంవారు తిరిగి వంగవచ్చునని. తామే కొమ్మ అని ఎవరూ ఒప్పుకోకపోవడంతో వందనాలు మళ్ళీ లేనట్టే అయ్యాయి.

"స్వామీ," అన్నాడు పద్మసేనుడు, "రేపు నేను భిక్షకు దిగే దారీ, ఆయన వచ్చే దారీ ఒక్కటే. ఎదురుపడక తప్పదు. మేమే మొదలంటారు వాళ్ళు. మనమే మొదలంటాం మనం. ఏది మాను, ఏది కొమ్మ? అది తేలితేగాని ఎవరు ముందు వంగాలో తేలదు."

అరుణనంది ఊడ్చిన చోట కూర్చున్నారు. ఆయనకప్పటికి డెబ్భై దాటాయి. తన సంగతిని ఇంకెవరిదో సంగతిలా పేరుపెట్టి చెప్పుకోవడం ఆయన పద్ధతి. ఆ సాయంత్రం చెప్పింది ఇది.

*

అరుణనంది గురువు పేరు వృషభనంది. ఆవుతోక కుంచెవారిలో ఆయన ఈడువారే ఇంద్రకీర్తి అని ఒక ముని ఉండేవారు. వానాకాలం నాలుగు నెలలూ మునులు ఊరూరూ తిరగక ఒకచోట నిలవాలి. ఆ నిలకడకు ఒకరు గుట్ట మీదికీ, ఒకరు కింది బసదికీ వచ్చేవారు. నలభై ఏళ్ళు అలాగే వచ్చారు, నలభై ఏళ్ళూ వాదించుకున్నారు. ఆవు పెంపుడు జంతువు, దాని తోక వెంట్రుక అంటుకుంటే ఊరి మీది మమకారం అంటుకుంటుందని ఈయన. నెమలి ఈకకు అందం ఉంది, అందం పట్టుకుతిరిగేవాడికి వైరాగ్యమేమిటని ఆయన. ఊళ్ళో నూలు వడికేవాళ్ళు, గాజులవాళ్ళు, బియ్యం దంచేవాళ్ళు పనులు ముగించుకుని వచ్చి ఇరుపక్కలా కూర్చుని వినేవారు. తమ పక్షం నెగ్గిన రోజున ఇంటికి వెళ్ళి రెండు ముద్దలు ఎక్కువ తినేవారు.

ఆ మరుసటి ఏడు ఆషాఢం మొదట్లో వృషభనంది వ్రతంగా అన్నం నీళ్ళు వదిలి, నవ్వు మొహంతో దేహం చాలించారు. ఆ సంఘంలో మిగిలిన పెద్దలిద్దరూ అంతకు రెండేళ్ళ ముందే దక్షిణాదిలో కాలం చేశారు. గుహలో మిగిలినవాడు అరుణనంది ఒక్కడే. ఇరవై మూడేళ్ళవాడు.

ఒంటరితనం మునికి భయం కాదు. భయం ఇంకొకటి ఉంది. ఆ సంఘపు నడవడి అంతా ఆరువందల గాథల్లో, అంటే చిన్న పద్యాల్లో, ఉండేది. తాటాకు మీద రాయడం వాళ్ళకు ఆచారం కాదు. గురువు నోటినుంచి శిష్యుడి చెవికే రావాలి. అరుణనందికి వచ్చినవి రెండువందల పది. తక్కిన మూడువందల తొంభై గురువుతోపాటు వెళ్ళిపోయాయి. గాథలు రానివాడు ఇంకొకరికి దీక్ష ఇవ్వలేడు. అంటే ముప్పై ఆరు తరాల పరంపర ఆ గుహలో ఆ కుర్రముని దగ్గర ఆగిపోయినట్టే.

అతను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ జక్కమ్మ కనిపెట్టింది. జక్కమ్మ ములుకూరులో నూలు వడికే ఇల్లాలు, యాభై ఏళ్ళ మనిషి. అతను ఎక్కువగా ఆమె ఇంటి ముందే నిలబడి దోసిట్లో ఆహారం తీసుకునేవాడు. మునులకు రోజుకు ఒక్కపూటే భోజనం, అదీ నిలబడే. నాలుగు రోజులుగా అతని దోసిట్లోంచి సగం మెతుకులు జారిపోవడం ఆమె చూసింది. గుట్ట ఎక్కివచ్చి దూరంగా కూర్చుని అడిగింది.

"స్వామీ, మీ బెంగేమిటో చెప్పండి. తపస్సుకు చిక్కడం వేరు, దిగులుకు చిక్కడం వేరు. నాకు తెలియదా?"

అతను చెప్పాడు. ఆమె విని ఆశ్చర్యపోయింది.

"ఎవరికీ రావంటారేం? కింది బసది పెద్దాయనకి వచ్చు కదా!"

"ఇంద్రకీర్తిగారికా? ఆయన మన సంఘం కాదు తల్లీ."

"కాకపోతేనేం? నలభై ఏళ్ళు మీ గాథల్ని తిట్టిపోశారు. తెలియనిదాన్ని అన్నేళ్ళపాటు తిట్టగలరా ఎవరైనా?"

అరుణనందికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఇంకో సంఘంవారి దగ్గర పాఠం చెప్పించుకోకూడదు. అది కట్టడి. వాదం మాత్రం చేయవచ్చు. అదే చెప్పి ఆమెను పంపేశాడు. జక్కమ్మ సరేనని గుట్ట దిగి, నేరుగా కింది బసదికి వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడిందో ఆమె ఎన్నడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దెక్కాక గుట్ట దారిలో పెద్దగా ఆయాసం వినిపించింది. ఆ వెనుకే ఇంద్రకీర్తి. డెబ్భై ఏళ్ళ మనిషి, బానలాంటి ఛాతీ, ఎప్పుడూ కోపంగా ఉన్నట్టుండే కనుబొమలు. అరుణనందికి ఎదురుగా ఉన్న బండను ఆవుతోక కుంచెతో ఊడ్చుకుని కూర్చున్నారు. వందనం లేదు, పలకరింపు లేదు.

"నీ గురువు పోయాడు. వాదం పోలేదు. సగంలో ఉంది. కూర్చో."

"స్వామీ, నాకు వాదించడం రాదు."

"వినడం వచ్చునా?"

"వచ్చు."

"అది చాలు. వాదంలో నియమమేమిటి? ఎదుటివాడి మాటను ముందు నేను పూర్తిగా చెప్పాలి. పూర్వపక్షం అంటారు దాన్ని. ఒక్క అక్షరం పొల్లుపోయినా ఆ తరువాత నేను చేసే ఖండనం చెల్లదు. అవునా? మీ సంఘం మాట మొత్తం ముందు చెబుతాను. నీకు ఎంతవరకు వచ్చు?"

"రెండువందల పది."

"అయితే రెండువందల పదకొండు." ఆయన కళ్ళు మూసుకుని గాథ చదివారు. చదివి కళ్ళు తెరిచారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో తెలియాలి కదా. నువ్వు తిరిగి చెప్పు."

అరుణనంది తిరిగి చెప్పాడు. మూడుసార్లు చెప్పించారు. తరువాత రెండువందల పన్నెండు. అలా నాలుగు గాథలయ్యాక ఇంద్రకీర్తి లేచి నిలబడ్డారు.

"ఖండనం, స్వామీ?" అన్నాడు అరుణనంది.

"గుట్ట ఎక్కి అలిసిపోయాను. ఖండనం రేపు."

మర్నాడూ వచ్చారు. నాలుగు గాథలు పూర్వపక్షం. ఖండనం రేపు. ఆ మర్నాడూ అంతే.

ఈ వార్త ఊళ్ళో పాకింది. మా పెద్దాయన రోజూ గుట్ట ఎక్కి నెమలి కుంచెవాళ్ళను చిత్తు చేస్తున్నారని కింది బసదివాళ్ళు మీసాలు దువ్వుకున్నారు. ఒంటరివాణ్ణి చేసి బెదిరిస్తున్నారేమోనని గుట్ట పక్షంవాళ్ళు కాపలాకు బయలుదేరారు. రెండు పక్షాలూ వచ్చి కూర్చున్నాయి. రెండింటికీ వినపడింది గాథలే. పది రోజులు చూసి, కింది బసది పక్షంలో ముఖ్యుడైన గాజుల దేవయ్య ఇక ఉండబట్టలేక లేచాడు.

"స్వామీ, తమరు వచ్చినప్పటినుంచీ వాళ్ళ మాటే చెబుతున్నారు. మన మాట ఎప్పుడు చెబుతారు?"

ఇంద్రకీర్తి అతని వైపు తిరిగారు.

"గోడ లేచిందా దేవయ్యా?"

"ఏ గోడ స్వామీ?"

"లేవని గోడను ఎక్కడ పడగొట్టమంటావయ్యా? కూర్చో."

దేవయ్య కూర్చున్నాడు. ఆ తరువాత ఎవరూ అడగలేదు.

శ్రావణం మధ్యలో ఒక గాథ దగ్గర అరుణనంది ఉలిక్కిపడ్డాడు. అందులో ఒక అక్షరాన్ని వృషభనంది సాగదీసి పలికేవారు. గురువు తనలో తాను చదువుకుంటున్నప్పుడు గుహ బయటినుంచి ఎన్నోసార్లు చెవిన పడ్డ పలుకు అది. ఇంద్రకీర్తి సరిగ్గా అక్కడే, అంతే సాగదీసి పలికారు. గురువే ఎదురుగా కూర్చుని చెప్పినట్టయింది. అరుణనంది కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకు. ఆ పలుకు తప్పు," అన్నారు ఇంద్రకీర్తి. "ఛందస్సు ప్రకారం అది కురచ అక్షరం. నలభై ఏళ్ళు చెప్పాను మీ గురువుకి, వినలేదు."

"మరి తమరు కూడా సాగదీశారే?"

"మీవాళ్ళు అలాగే అంటారు కనక. నేను దిద్ది ఇచ్చానంటే అది మీది కాకుండా పోతుంది. చెప్పు, మళ్ళీ. సాగదియ్యి."

భాద్రపదం వచ్చేసరికి గాథలు నాలుగువందలు దాటాయి. వాన మాత్రం వదలలేదు. గుహ గోడలు చెమ్మగిల్లాయి. ఒక పొద్దున అరుణనంది తన కుంచె అందుకోగానే కట్టు చివికి చేతిలోనే విడిపోయింది. ఈకలు అప్పటికే బూజుపట్టి ఉన్నాయి. నేల మీద పడినవి పడినట్టే ముక్కలయ్యాయి.

కుంచె లేకుండా ముని ఏడడుగులు దాటి నడవకూడదు. నడిస్తే కాలి కింద ఏ ప్రాణి పోతుందో తెలియదు. నడవకపోతే ఊళ్ళోకి భిక్షకు దిగలేడు. గుట్ట మీదికి మోసుకొచ్చి పెట్టిన అన్నం ముట్టకూడదు. అరుణనంది అలాగే కూర్చుండిపోయాడు. ఒక రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. ఈకల కోసం గుట్టకూ ఊరికీ మధ్య తిరిగి తిరిగి జక్కమ్మకు కాళ్ళు వాచాయి. నెమళ్ళు ఈకలు రాల్చేది అప్పుడప్పుడే మొదలవుతుంది. అవి ఉండేది వెనకపక్క లోయలో. ఆ జారుడు దారిలో దిగడానికి మగవాళ్ళే జంకారు.

మూడోరోజు గాజుల దేవయ్య పైకి వచ్చాడు. చెడ్డవాడు కాదు, అతని మనసూ నొచ్చుకుంది. చేతిలో కొత్త కుంచె తెచ్చాడు. తెల్లగా, మెత్తగా, ఆవుతోక వెంట్రుకలతో కట్టింది.

"స్వామీ, ఇది తీసుకోండి. కిందికి దిగి ఆహారం తీసుకోండి. కుంచె ఏదైతేనేం, చీమను కాపాడటమే కదా కావలసింది? మా బసదిలో తమకు చోటుంది, గురువుగారూ ఉన్నారు. ఒక్కరే ఈ గుహలో ఎందుకు?"

అందులో తప్పుపట్టాల్సిన మాట ఒక్కటీ లేదు. అరుణనందికి కళ్ళు తిరుగుతున్నాయి. చెయ్యి కొంచెం కదిలింది కూడా. అప్పుడే పాఠానికి, కాదు, వాదానికి వచ్చిన ఇంద్రకీర్తి అది చూశారు.

"దేవయ్యా! తియ్యి అది అవతలికి!"

ఆ కేకకు గుహలోని గబ్బిలాలు లేచాయి.

"స్వామీ, ఆయన మన సంఘంలోకి వస్తే తమకు..."

"ఆకలికి వచ్చినవాణ్ణి నేనేం చేసుకోను? ఓడించి తెచ్చుకుంటే వేరు." అరుణనంది వైపు తిరిగారు. "అబ్బీ, సాయంత్రందాకా అలాగే కూర్చోగలవా?"

"కూర్చోగలను స్వామీ."

ఇంద్రకీర్తి గుహ వెనక్కి నడిచి లోయలోకి దిగారు. ఒక్కో అడుగుకూ ముందు ఊడ్చుకుంటూ, తుంపరలో, ఆ బరువైన మనిషి. దేవయ్య రెండు క్షణాలు నిలబడి చూసి, చేతిలో కుంచె బండ మీద పెట్టి, ఆయన వెనకే పరుగెత్తాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ తిరిగి వచ్చారు. దేవయ్య మోకాలిదాకా బురద, ఇంద్రకీర్తి నడుందాకా బురద. ఆవుతోక కుంచెవారు నెమలి ఈకను చేత్తో ముట్టరు. అందుకని ఆయన రెండు పుల్లల మధ్య ఈకల్ని ఇరికించుకుని బయలుదేరారట. పైకి చేరేసరికి మాత్రం ఈకలన్నీ ఆయన గుండెలకు హత్తుకుని ఉన్నాయి.

"ముట్టుకోకుండానే తెచ్చాను," అన్నారు కోపంగా, ఎవరూ అడక్కుండానే. "సగం దూరంలో గాలి వీచింది. వదిలేస్తే మళ్ళీ లోయలోకే. ఏం చెయ్యను? రేపు ప్రాయశ్చిత్తంగా ఉపవాసం ఉంటాను. ఉపవాసం నాకేం కొత్తా?"

జక్కమ్మ నూలు తెచ్చి కట్టడం మొదలుపెట్టింది. ఆయన అల్లంత దూరంలో కూర్చుని తప్పులు పట్టారు.

"ఆ ముడి కాదమ్మా. రెండుసార్లు తిప్పి, అడుగునుంచి తియ్యి. కాడలు సమంగా ఉండాలి. ఇంకా బిగించు."

"తమకెలా తెలుసు స్వామీ?" అంది జక్కమ్మ.

"నలభై ఏళ్ళు ఆ ముడినే వెక్కిరించాను. నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?"

కట్టు పూర్తయింది. మర్నాడు అరుణనంది కొత్త కుంచెతో గుట్ట దిగి జక్కమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ రోజు అతని దోసిట్లోంచి ఒక్క మెతుకు జారలేదు. కింది బసదిలో ఇంద్రకీర్తి ఉపవాసమున్నారు. మధ్యాహ్నం మామూలుగానే గుట్ట ఎక్కి నాలుగు గాథలు చెప్పి, ఖండనం రేపన్నారు.

కార్తీకం మొదట్లో ఆరువందలవ గాథ అయిపోయింది. మునులు ఊరు విడిచే రోజు వచ్చింది. ఇంద్రకీర్తి కమండలం తీసుకుని చివరిసారి పైకి వచ్చారు. మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి చదవమన్నారు. అరుణనంది చదివాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా పట్టింది. రెండుచోట్ల ఆపి దిద్దారు. సాగదీసే అక్షరం దగ్గర మొహం చిట్లించుకున్నారు గాని ఆపలేదు.

"సరే. గోడ లేచింది," అని లేచారు.

"స్వామీ, మరి ఖండనం?"

"ఇప్పుడు నాకు ప్రయాణం ఉంది. వచ్చే వానాకాలం చూసుకుందాం. ఈలోగా నువ్వు వాదించడం నేర్చుకో. నోరు లేనివాణ్ణి గెలిస్తే నాకు ఏం సుఖం?"

ఆయన దారిపట్టారు. అరుణనంది నిలబడి చూశాడు. వంగకూడదు, కట్టడి. ఆయన మలుపు దాకా వెళ్ళారు. ఎదుటివాడి వీపు కదా కనబడుతోంది, మొహం కాదు కదా అనుకున్నాడో ఏమో, అరుణనంది ఒక్కసారిగా మోకాళ్ళ మీద వాలి, నేలకు తల ఆనించాడు.

"నేను చూడలేదు!" అని మలుపు దగ్గరనుంచి కేక వినిపించింది. ఇంద్రకీర్తి వెనక్కి తిరగనేలేదు.

ఆ తరువాత ఆయన మరో మూడు వానాకాలాలు ములుకూరు వచ్చారు. మూడేళ్ళూ నిజంగానే ఖండించారు. జనం ఇరుపక్కలా కూర్చుని విన్నారు. మూడేళ్ళూ అరుణనంది చిత్తుగా ఓడిపోయాడు.

*

కథ అయ్యేసరికి గుట్ట మీద వెలుగు తగ్గుతోంది. పద్మసేనుడు వేళ్ళ మీద పేర్లు లెక్కపెట్టుకున్నాడు. చివరికి అడిగాడు.

"స్వామీ, మన పరంపరలో ముప్పై ఏడు పేర్లున్నాయి. ఆయన పేరు లేదేం?"

"పెడతానని అడిగాను. మీ పట్టీలో నా పేరు ఎక్కితే అది నా ఓటమి, ఒప్పుకోనన్నారు."

"మరి రేపు నేను..."

కానీ అరుణనంది అప్పటికే కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చున్నారు. అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదని పద్మసేనుడికి అనిపించింది. వచ్చిందేమోనని కూడా అనిపించింది. ఆ రెండిటి మధ్యా తేల్చుకోలేక అతను తన చోటికి వెళ్ళాడు.

మర్నాడు అతను భిక్షకు దిగాడు. తిరిగి వచ్చేసరికి నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి ఉంది. మొహంలో సిగ్గూ, ఆపుకోలేని నవ్వూ ఉన్నాయి.

"ఏమైంది నాయనా?" అన్నారు అరుణనంది.

"దారి మలుపులో ఎదురుపడ్డాం స్వామీ. ఆయనా నా ఈడువాడే. ఏమీ ఆలోచించకుండా గభాల్న వంగాను. ఆయనా అప్పుడే వంగాడు. తలలు ఢీకొన్నాయి. ఇద్దరం అక్కడే కూలబడి నవ్వుకున్నాం. ఎవరు ముందు వంగారో మాకే తెలియలేదు."

"దెబ్బ ఎవరికి గట్టిగా తగిలింది?"

పద్మసేనుడు బొప్పి తడుముకున్నాడు. "నాకే స్వామీ. ఆయన చాలా జోరుగా వంగాడు."

అరుణనంది తల పంకించారు.

"రేపు ఇంకాస్త ముందుగా వంగు."